తూర్పు గదికి రంగు

బాలప్ప ముప్పై ఏళ్లుగా ధర్మవరం పట్టుచీరలు అమ్ముతున్నాడు. దుకాణం అనంతపురం పాతూరులో. గడప ఎక్కిన మనిషి కొంటుందా, ఊరికే చూసి పోతుందా అన్నది చెప్పులు విడిచే తీరులోనే పోల్చుకుంటాడు. ఏ చీర ముందు పరచాలి, ఏది ఆఖరున విప్పాలి, ఎక్కడ మాట ఆపి ఊరుకోవాలి, అన్నింటికీ అతని దగ్గర లెక్క ఉంది. అన్న రామాంజనేయులు విషయంలో మాత్రం రెండేళ్లుగా ఏ లెక్కా కుదరలేదు.

రామాంజనేయులు ధర్మవరంలో నలభై ఏళ్లు పట్టునూలుకు రంగులద్దాడు. భార్య పోయి రెండేళ్లయింది. పిల్లలు లేరు. నడుము పట్టేసి, రంగుబాన దగ్గర వంగలేక పని మానేశాడు. ఒక్కడే వండుకుంటాడు. పొద్దున వండింది రాత్రికీ అదే. వచ్చి ఉండమని తమ్ముడు పిలిచినప్పుడల్లా ఒకటే జవాబు.

"నీ ఇంట్లో చుట్టం మాదిరి కూచోని తినేది నాకు చేతకాదప్పా. నన్ను సూసి మీరు మాట్లాడేది ఆపుకుంటారు. ఏంటికి ఆ యవ్వారం?"

కొన్నాళ్లకు బాలప్ప అడగడం మానేశాడు. ఆశ వదులుకుని కాదు. వద్దన్న మనిషి ముందు అదే చీర మళ్లీ పరిస్తే లేచి వెళ్లిపోతారు. ఇంకో వైపు నుంచి రావాలి.

ఆ ఇంకో వైపు కొత్త ఇంట్లోనే దొరికింది. వైశాఖంలో గృహప్రవేశం అయింది. అన్ని గదులకూ రంగులు పడ్డాయి. తూర్పు గది ఒక్కటి తెల్లని పుట్టీతో అలాగే నిలిచిపోయింది. ఆ గది తలుపు చట్రం, కిటికీ చట్రం వాళ్ల నాయన మగ్గం చెక్కతో చేసినవి. విప్పి మూల పడేసిన టేకు దూలాలను, చెదలు తినేకంటే నయమని రామాంజనేయులే ఆటోలో వేయించి పంపాడు. వడ్రంగి చిత్రిక పట్టేసరికి మురికి కింది నుంచి తేనె రంగు, అందులో సన్నటి ఎర్రజీర బయటపడ్డాయి. దానికి పెయింట్ తగలడానికి వీల్లేదని, పాలిష్ చాలని బాలప్ప పట్టుబట్టాడు. ఇక గోడకు ఏ రంగు చూపినా ఆ చెక్క పక్కన నప్పదని తోసేయడం మొదలుపెట్టాడు.

నప్పకపోవడమేమీ లేదు. పెయింటర్ ఆనంద్ చూపిన వాటిలో రెండు మూడు బాగానే ఉన్నాయి. బాలప్పే ఒప్పుకోలేదు. ఆషాఢం రాగానే అన్నకు ఫోన్ చేశాడు.

"అన్నా, నాయన మగ్గం చెక్క పక్కన ఏ రంగూ నిలబడ్తా లేదు. ఒక్క దినం వచ్చి సూసి పో."

"పెయింటరు ఏం రంగులు సూపిచ్చినాడు?"

"క్రీమ్ అంటాడు."

"టేకు పక్కన క్రీమా! వానికి కండ్లుండాయా?"

మర్నాడు పొద్దున్నే రైలు దిగాడు రామాంజనేయులు. చేతిలో చిన్న సంచి. బాలప్ప ఆ సంచిని కంటితోనే తూచాడు. ఒక లుంగీ, ఒక తువ్వాలు. రెండో పూటకు నిలిచే సంచి కాదు.

"రాండి బావా" అని బాలప్ప భార్య ఆంజినమ్మ కాళ్లకు నీళ్లిచ్చింది. "మీ తమ్ముడు ఊరందరికీ చీరలు ఎంచుతాడు. సొంత గోడకు రంగు ఎంచేకి రెండు నెలలాయె."

"వాడు ఎంచేది ఇంకొకరు వేసిన రంగులే కదమ్మా" అన్నాడు రామాంజనేయులు. ఆంజినమ్మ పకపకా నవ్వింది. బాలప్పకు ఆ నవ్వు శుభశకునంలా తోచింది.

గదిలోకి వచ్చి రామాంజనేయులు ముందు గోడను చూడలేదు. చట్రం మీద అరచెయ్యి ఆనించి పైకీ కిందికీ నిమిరాడు. ఒకచోట వేలు ఆగింది.

"ఈడ మేకుండె. నాయన లాంతరు తగిలిచ్చేది."

ఆ తరువాత ఆనంద్ చేతిలోని రంగుల పుస్తకం లాక్కుని ఎండలోకి నడిచాడు. నీడలో రంగు చూడటం ఆయన ఎరగడు. కాసేపటికే మూసి తిరిగిచ్చేశాడు.

"సూడు నాయనా, చెక్కను అంచు అనుకో, గోడను చీర ఒళ్లు అనుకో. క్రీమ్ వేస్తే అంచూ ఒళ్లూ రెండూ పసుపే, యాడ ఆగిందో తెలీదు. ఉత్త తెలుపు వేస్తే చెక్క కుంకుడుకాయ మాదిరి నల్లగా అగుపడ్తాది. దీంట్లో ఎరుపుండాది. ఎరుపు పక్కన పచ్చ ఉంటే రెండూ బతుకుతాయి. అట్లని అరిసే పచ్చ కాదు. చింతచిగురుకు రవ్వంత పొగ పట్టినట్టుండాల."

"అట్లాంటిది పుస్తకంలో లేదు పెద్దాయనా."

"పుస్తకం నాకేంటికి? బక్కెట్ తే."

తెల్ల పెయింట్ బకెట్ ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. రంగు సీసాలు ఒక్కొక్కటే చుక్కలు చుక్కలుగా వదులుతూ కర్రతో కలిపాడు. రెండేళ్లుగా అన్న వీపు అంత నిటారుగా ఉండటం బాలప్ప చూడలేదు. బకెట్‌లో పచ్చ ముదురుతూ పోయింది. అనుకున్న చింతచిగురు వచ్చింది, దాటింది. ఆయన చెయ్యి ఆగలేదు. ఆనంద్ నొసలు ముడిచాడు.

"పెద్దాయనా, ఇది ఎండితే..."

బాలప్ప వెనకనుంచి కనుసైగ చేశాడు. గమ్మున ఉండమని. ఆనంద్ నోరు మూసుకున్నాడు.

అన్న చేస్తున్న తప్పు బాలప్పకు తెలుసు. తడి పట్టు ముదురుగా కనిపిస్తుంది, ఆరితే తేలుతుంది. అందుకే రంగులద్దేవాళ్లు కావలసినదానికంటే రెండాకులు ఎక్కువ ముదురు వేస్తారు. నలభై ఏళ్ల అలవాటు అది. ఈ గోడల పెయింట్ తీరు వేరు, ఆరేకొద్దీ ముదురుతుంది. కానీ చెబితే? తన కళ్లనే శంకించారని అన్న సంచి అందుకుంటాడు. ఒక గోడ ముదురైతే ఏం, మనిషి మిగులుతాడు. బాలప్ప ఆ నిమిషాన వేసుకున్న లెక్క అదే.

మధ్యాహ్నానికి పూత అయింది. అన్నం తిని ఒక కునుకు తీసి లేచేసరికి ఆషాఢం గాలికి గోడ చెమ్మ లేకుండా ఆరిపోయింది. గది నాచు పట్టిన బావిలా ఉంది. కిటికీ చట్రం ఎక్కడుందో వెతుక్కోవాలి. తేనె లేదు, ఎర్రజీర లేదు. అన్నీ కలిసి ఒకటే చీకటి.

రామాంజనేయులు గోడ తడిమాడు. కలిపిన కర్రను ఎండలో పెట్టి చూశాడు. కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు.

"నా కన్ను పోయింది రా బాలా" అన్నాడు నెమ్మదిగా. "నడుము పోతే ఓర్చుకుంటి. ఇదీ పోయినాది." సంచిలో తువ్వాలు కుక్కుకున్నాడు. "సాయంత్రం రైలుకు పోతా."

దుకాణంలో ఇలాంటి వేళకు బాలప్ప దగ్గర మాటలకు కొదవ లేదు. చూడగా చూడగా అలవాటైపోతుంది, ఇప్పుడందరూ ముదురు రంగులే అడుగుతున్నారు. నాలుక చివర దాకా వచ్చాయి. అన్న మొహం చూశాక ఒక్కటీ చెల్లదని తెలిసింది. కన్ను పోయిందని నమ్మి వెళ్లే మనిషి ఇంటికి వెళ్లి ఏం చేస్తాడు? ఇక దేనివైపూ చూడడు.

"నీ కన్ను పోలేదన్నా. పట్టు ఆరితే తేలతాది, ఈ పెయింట్ ఆరితే ముదురుతాది. నాకు తెలుసు. ఆనంద్ చెప్పబోయినాడు. నేనే గమ్మునుండమన్నా."

రామాంజనేయులు తిరిగి చూశాడు. "ఏంటికి?"

"నీకు కోపమొచ్చి పోతావని."

"ఇప్పుడు రాలేదనుకుంటివా?" గొంతు వీధిలోకి వినిపించింది. వంటింట్లోంచి ఆంజినమ్మ పరుగున వచ్చి గుమ్మంలో నిలబడింది. "రంగుల్లో పుట్టి పెరిగినోన్ని, ఒక్క మాట చెప్తే నేర్చుకోలేనా? నేనేమన్నా పగిలిపోయే గాజునా, గుడ్డల్లో సుట్టి పెట్టేకి? ఇదే రా నేను రానన్నది! ఇదే!" ఊపిరి తీసుకోవడానికి ఆగి, "ఇంకేం దాచినావు?" అన్నాడు.

"రంగు ఎంచేకి కాదు నిన్ను పిలిచింది" అన్నాడు బాలప్ప. "ఈ గది నీది. ఇల్లు కట్టేటప్పుడే అనుకుంటిమి."

"అది ఫోన్‌లోనే తెల్సు నాకు. మూడు జిల్లాల ఆడోళ్లకు రంగులు చెప్పేటోనికి గోడ రంగు రాదంట! ఎవరు నమ్ముతారప్పా?"

"మల్ల ఏంటికి వచ్చినావు?"

రామాంజనేయులు కిటికీ చట్రం వైపు చూశాడు. చొక్కా విప్పి కిటికీ రెక్కకు తగిలించాడు.

"ఆనందూ, ఇంకో తెల్ల బక్కెట్ తే. నువ్వు మాట్లాడు. వీడు సైగ చేస్తే వాని దిక్కు సూడొద్దు. ఎండితే ఎంత ముదురుతాది?"

"ఒక షేడ్, షేడున్నర అనుకోండి పెద్దాయనా."

"అట్లా చెప్పల్ల."

ఈసారి ప్రతి చుక్క తరువాతా చెక్కముక్క మీద పూసి, గాలికి ఆరనిచ్చి, కిటికీ చట్రం పక్కన పెట్టి చూశాడు. ఏడో ముక్క దగ్గర ఎవరూ ఏమీ అనక్కర లేకపోయింది. గోడ వెనక్కి జరిగి చెక్కకు చోటిచ్చినట్టయింది. ఎర్రజీర మళ్లీ పైకి తేలింది. ముదురు గోడను కప్పేందుకు ఈ రంగు రెండు పూతలు కావాలని, రెంటికీ మధ్య రాత్రంతా ఆరాలని ఆనంద్ చెప్పాడు. సాయంత్రం రైలు మాట ఎవరూ ఎత్తలేదు.

మొదటి పూత అయ్యాక రామాంజనేయులు గుమ్మంలో నిలబడి అన్నాడు. "సూడు బాలా. నేనీడ ఉంటే, తప్పు చేస్తే తప్పని చెప్పల్ల. లేదంటే చెప్పు, పోతా."

బాలప్ప తల ఊపాడు.

ఆంజినమ్మ తల ఊపి ఊరుకోలేదు. "అట్లయితే సూడండి బావా. కొత్త బండల నిండా చుక్కలు పోసినారు. ఎండితే గీకినా పోవు. మీరే తుడవల్ల" అని తడిగుడ్డ చాపింది.

గుడ్డ అందుకోబోయిన బాలప్ప చెయ్యి సగంలో ఆగి వెనక్కి వచ్చింది. రామాంజనేయులు గుడ్డ తీసుకుని, వంగలేడు కనుక నేల మీదే చతికిలబడి, ఒక్కొక్క చుక్కా తుడవసాగాడు.

"సుక్కకొక గుడ్డ కావాల్నమ్మా ఇది. ఇంకోటి తే. ఇది తుడుస్తా లేదు, పూస్తాండాది."

"ఉండేది అదొకటే. పిండుకోండి" అంది ఆంజినమ్మ, వంటింట్లోకి పోతూ.