నాలుగో రకం

హరనాథబాబుకి పొద్దుటినుంచీ ఒకటే హడావిడి. రేపు హైదరాబాదు వెళ్లి థీసిస్ ఇచ్చెయ్యాలి. గడువు దాటితే డాక్టరేట్‌కి నీళ్లొదులుకోవాల్సిందే. బాన్సువాడ కాలేజీలో పిల్లలకి లెక్కలు చెప్పుకుంటూ ఏళ్ల తరబడి సెలవులన్నీ దానికే ధారపోశాడు మరి.

పని చూస్తే చుక్కలూ గీతలూ. పదిహేను చుక్కలు, గీతకి మూడేసి చొప్పున. వాటిలో కొన్ని చుక్కలు ఏరాలి. ఏ గీత చూసినా ఏరిన చుక్క ఒక్కటే ఉండాలి, లేదా మూడూ ఉండాలి. అలాంటి గుంపు పేరు హైపర్‌ప్లేన్. అవెన్ని రకాలు? మూడేనేమో అన్నాడు గైడు. ఈయన నాలుగోది పట్టుకున్నాడు. థీసిస్‌కి ప్రాణం ఆ నాలుగోదే.

శుభమా అని చివరి పేజీ చూసుకుంటుంటే బావమరిది రత్తయ్య ఊడిపడ్డాడు. కాలవ మీద వాళ్ల తూముకి ఆరుగురు రైతులు: ఇటు రత్తయ్యవాళ్లు ముగ్గురు, అటు తండావాళ్లు ముగ్గురు. నీటి కాపలాకి మూడు చోట్ల ఇద్దరేసి కూర్చోవాలి.

"తల తూము దగ్గర మనోళ్లిద్దరూ ఉండాలి బావా. మిగతా రెండుచోట్లా ఒక మనోడు, ఒక తండావాడు. అట్లా రాసివ్వు. గట్లెట్ల కుదుర్తదన్నా అని తండా తారాచంద్ పేచీ పెడుతున్నాడు."

"ఇద్దరు తల తూముకి పోతే మీలో మిగిలేది ఒక్కడేగా! రెండుచోట్లా ఎలా కూర్చుంటాడు, నడిమికి కోస్తావా?" అని విసుక్కున్నాడు హరనాథబాబు. "ఎలా జతకట్టినా కలగలుపు జంట ఒక్కటే వస్తుంది. లేదంటే మూడూ..."

తన చుక్కల లెక్కా అదేగా! ఒక్కటి, లేదా మూడు.

ఆరుగురిలో జంటలు పదిహేను. ఒక్కో జంటా ఒక చుక్క. ఒక పూట కాపలాకి కూర్చునే మూడు జంటలూ కలిసి ఒక గీత. గబగబా కాగితం లాక్కుని చుక్కలకి పేర్లు పెట్టాడు. కలగలుపు జంటలన్నీ కలిపితే తన మూడో రకం. నాలుగోది కూడా అలాగే రాశాడు. అదీ ముగ్గురూ ముగ్గురే. కాకపోతే ఈసారి రత్తయ్య తండావాళ్లలో పడ్డాడు, తారాచంద్ ఇటొచ్చాడు. మనుషులు మారారు గాని రకం మారలేదు. బొమ్మలో వంకరగా కనబడిందని వేరే రకం అనుకున్నాడు. ఛీ, ఏం బతుకు!

"రాసిస్తావా లేదా?" అన్నాడు రత్తయ్య. హరనాథబాబు కాగితం మీంచి తలెత్తకపోయేసరికి, చదువుకున్నోళ్లతో ఇదే తంటా అని సణుక్కుంటూ వెళ్లిపోయాడు.

లోపల్నించి వచ్చిన లక్ష్మీకుమారి, భర్త మొహం చూసి గుమ్మంలోనే నిలబడింది.

"నాలుగోది లేదు. మూడే," అన్నాడు.

"మీ గైడుగారు చూసి బాగుందన్నారుగా?"

"ఆయనా బొమ్మే చూశాడు. రేపెళ్లి చెప్పాలి."

"చెప్పకపోతే ఆయనకి తెలుస్తుందా?"

"నాకు తెలిసిపోయిందిగా."

"మూడే అని చెబితే డాక్టరేట్ ఇస్తారా?"

"ఇవ్వరు."

ఆమె గదిలోకి వచ్చింది. రేపటికని ఇస్త్రీ చేసి కుర్చీమీద పెట్టిన కొత్త చొక్కా తీసి పెట్టెలో పెట్టేసింది. కాలేజీకి వేసుకునే పాతది తెచ్చి అక్కడ పెట్టింది.