నీళ్ళు వాళ్ళ దగ్గరే

"కాళ్ళు లేవా వాళ్ళకి? పారిపోవచ్చుగా!" అన్నాను వంకాయలు తరుగుతూ.

కృతి బడి ప్రాజెక్టు కోసం అట్టపెట్టెలో ఇసుక పోసి ఒంటెల్ని నిలబెడుతోంది. రెండు వేల ఏళ్ళ కిందట సహారాలో గారమంటులనే జనం మనుషుల్ని పట్టి తెచ్చి, ఇసుక కింద నీటి కాలువలు తవ్వించేవారట. కొందర్ని ఎడారి దాటించి, రోమ్ నుంచి వచ్చే గాజు గిన్నెలకు మార్చుకునేవారట.

"ఎక్కడికి రన్ చేస్తారు ఆంటీ? చుట్టూ డెజర్ట్. వాటర్ ఓనర్స్ దగ్గరే ఉంది."

"చాల్లే, నేనైతే ఎప్పుడో ఉడాయించేదాన్ని" అని నవ్వాను. నా నోటికి అదుపెక్కడిది!

అమెరికాలో మోరిస్‌విల్ అనే ఊళ్ళో కృతి వాళ్ళింటికి వంటకీ, చంటివాణ్ణి చూసుకోడానికీ వచ్చాను. ఆరు నెలలే అన్నారు. ఉగాది వెళ్ళింది, వినాయక చవితీ వెళ్ళింది. తెనాలిలో మా అమ్మాయి రష్మికి నెలలు నిండాయి. తొలి కాన్పుకి తల్లి దగ్గర లేకపోతే ఎట్లా? అడిగితే కృతి తల్లి రేణు, "నెక్స్ట్ మంత్ చూద్దాం పిన్నిగారూ. పాస్‌పోర్ట్ లాకర్‌లో సేఫ్‌గా ఉందిగా" అంటుంది. వరస కలిపి మరీ కట్టేసింది మహాతల్లి.

దసరా నాడు రేణు కారు తాళాలూ, లాప్‌టాప్‌లూ, కృతి పుస్తకాలూ అమ్మవారి ముందు పెట్టింది. వీసాలు చల్లగా రెన్యువల్ కావాలని పాస్‌పోర్టులకూ పసుపు కుంకుమలు. హడావుడిలో లాకర్‌లోని కట్ట కట్టంతా తెచ్చి పెట్టేసింది. అందులో నాదీ ఉంది! హారతి అయ్యాక అందరూ కారుతో నిమ్మకాయలు తొక్కించడానికి బయటికెళ్ళారు. నాది తీసి బొడ్లో దోపుకుని పెరటి తలుపు తీశాను.

నడిచాను. అన్నీ ఒకే రకం ఇళ్ళు. కాలిబాట ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆపైన గడ్డి, కార్లు. బస్సు లేదు, ఆటో లేదు, దారి అడుగుదామంటే నరమానవుడు లేడు. ఉన్నా ఏ భాషలో అడగను? ఎండకి నాలుక పిడచగట్టింది. భయం వేసింది, ఏడుపొచ్చింది. "ఓసి పిచ్చిమొహమా, ఎటు పోతావే?" అని నన్ను నేనే తిట్టుకున్నాను.

పక్కన కారు ఆగింది. టైరుకి నిమ్మచెక్క ఇంకా అతుక్కునే ఉంది.

"ఏంటి పిన్నిగారూ ఇది! ఎక్కండి, ఎండకి పడిపోతారు" అంటూ రేణు నీళ్ళ సీసా పైకెత్తి చూపించింది. కోప్పడనైనా లేదు. "ముందు పాస్‌పోర్ట్ ఇటివ్వండి, ఎక్కడన్నా పారేసుకుంటారు."

వెనక సీట్లోంచి కృతి నా వంకే చూస్తోంది.

పాస్‌పోర్టు ఇచ్చాను. దాని మీది కుంకుమ నా వేళ్ళకి అంటింది. ఆ చేత్తోనే సీసా అందుకుని గటగటా తాగేశాను.