అద్దాల తలుపు ముందు అరుగు

వినుకొండ శివారు బజారును పాతరోజుల్లో చూసినవారు ఇప్పుడు చూస్తే ముక్కున వేలేసుకుంటారు. వాన పడితే మోకాలిలోతు బురద నిలిచిన చోట సిమెంటు రోడ్డు, దాని పక్కన మూసిన కాలవ, బారుగా దీపాలు. ఆ రోడ్డు వెడల్పు కోసం ప్రతి కొట్టూ తన ముందున్న అరుగును వదులుకుంది. అందుకు ఆ వర్తకులను మనం మెచ్చుకోవాలి.

పాత బజారులో పొద్దున్నే చెక్క తలుపులు ఒక్కొక్కటే ఊడదీసి గోడకు ఆనించేవారు. తలుపులు తీస్తే కొట్టు తెరిచినట్టు, వేస్తే మూసినట్టు. పల్లెల నుంచి వచ్చినవాళ్లు నాపరాతి అరుగు మీద కూలబడి, కడవలో నీళ్లు తాగి, ఆ తరువాతే బేరానికి దిగేవారు.

రాఘవమ్మ బట్టల కొట్టూ అలాంటిదే. భర్త వెంకటాద్రి పోయాక ఒంటిచేత్తో నడుపుకొచ్చింది. కొత్త రోడ్డు పడ్డాక కొడుకు శ్రీనాథ్ ముచ్చటపడి అద్దాల తలుపు, ఏసీ పెట్టించాడు. కొట్టుకు కళ వచ్చింది గానీ పల్లెల బేరం పలచబడింది.

"అందరూ ఫోన్లలో కొంటన్నారమ్మా. ఇంక మనవల్ల కాదు. సెల్‌ఫోన్ల షాపోళ్లు అడుగుతున్నారు, అద్దెకిచ్చేద్దాం" అన్నాడు శ్రీనాథ్ ఒకరోజు. ఆమె ప్రాణం ఉసూరుమంది.

మర్నాడు ఎండ చురుక్కుమంటున్న వేళ, గల్లా దగ్గరున్న రాఘవమ్మకు రోడ్డు మధ్య డివైడరు మీద చెంగు నెత్తిన కప్పుకుని కూర్చున్న మనిషి అద్దంలోంచి కనిపించింది. బొల్లాపల్లి లక్ష్మీతిరుపతమ్మ! తన పెళ్లి చీర నుంచి పిల్లల బట్టల దాకా ఈ కొట్లోనే కొన్న మనిషి. రాఘవమ్మ గబగబా బయటికి వెళ్లింది.

"ఏమే తిరుపతమ్మా, ఇక్కడిదాకా వచ్చి ఎండలో కూచున్నావేంది?"

"కొట్టు తెరవలేదు గదక్కా! తలుపులు తీస్తారేమోనని చూస్తన్నా. పిల్ల సీమంతానికి చీర కావాల. పోయినసారీ ఇట్టాగే చానాసేపు చూసి ఎల్లిపోయా."

వెనకే వచ్చిన శ్రీనాథ్‌కు నవ్వొచ్చింది. "తోసుకుని రావచ్చుగా పిన్నీ!"

"ఏసున్న తలుపు తోసుకుని రావడానికి అదేమన్నా నా ఇల్లా నాయనా?"

శ్రీనాథ్ నవ్వు ఆగిపోయింది. రాఘవమ్మ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. తనే చీరలు పరిచి చూపిస్తూ, మధ్యమధ్య కళ్లు తుడుచుకుంది.

ఆ వారంలోనే ఆ తల్లి చేసిన పని చూడండి. రోడ్డుకిచ్చిన స్థలం జోలికి పోలేదు. కొట్టు ముందుభాగంలో బొమ్మలకు చీరలు కట్టి నిలబెట్టిన అద్దాల గదినే తీయించి, ఆ చోట అరుగు కట్టించింది. పెరట్లో పడేసిన పాత నాపరాయే దాని మీద పరిపించింది. పక్కన కడవ పెట్టించి, తలుపు బార్లా తీయించింది.

"చల్లదనమంతా బయటికి పోతదమ్మా" అని శ్రీనాథ్ గొణిగాడు.

"పోనీరా. ఫ్యాన్లున్నయ్యిగా."

నెల తిరిగేసరికి అరుగు మీద మళ్లీ సంచులు, పిల్లలు, కబుర్లు. అద్దెకు అడగవచ్చిన మనిషి కూర్చోవడానికి చోటు లేక నిలబడే మాట్లాడాడు. ఎదుటి చెప్పుల కొట్టు మౌలాలీ కూడా అరుగు కట్టిస్తున్నాడు. కడవ నింపుతూ శ్రీనాథ్ ఆ వచ్చినాయనతో అన్నాడు:

"కొట్టు ఇవ్వట్లేదండీ. బజారు ఎంత బాగుపడినా, ఎండనపడి వచ్చిన మనిషికి 'ఇది నీక్కూడా' అని తెలవాలి గదా."