నా సాలు ముట్టుకోవద్దు

మిరప కోతకు రావడం మొదలుపెట్టి అది ఆరో రోజు. ఆరు రోజుల్లో నేను ఒక్క సాలు కూడా చివరిదాకా కోయలేదు.

మా ముఠాలో పన్నెండు మందిమి. తలా ఒక సాలు పట్టి, ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా పండిన కాయ కోసుకుంటూ పోవాలి. ఎవరైనా వెనకబడితే, ముందు ముగించినవాళ్ళు అవతలి గట్టు నుంచి ఎదురొచ్చి ఆ సాలు కోసేస్తారు. నెలలు నిండిన మనిషికి, ఇంట్లో చావు జరిగిన మనిషికి అలా చేయడం మా దగ్గర ఎప్పటినుంచో ఉంది. ఇప్పుడు నాకు చేస్తున్నారు.

నాకు కడుపూ లేదు, మా ఇంట్లో చావూ లేదు. "ఏం జరిగిందే సిద్దికా?" అని ఒకరి తర్వాత ఒకరు అడుగుతారు. ఏమీ జరగలేదు. వానలు వెనకబట్టాక ఒక పొద్దున లేవబుద్ధి కాలేదు. తర్వాత నిద్ర పోయింది, ఆకలి పోయింది. కూర్చోలేను, నిలబడలేను. వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వంటింట్లోకి, ఎందుకో తెలియకుండా. మా అమ్మ జైతున్‌బీ తాయెత్తు కట్టించింది, దిష్టి తీసింది, చివరికి దర్శి ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

"ఇది జబ్బేనమ్మా, సోమరితనం కాదు," అని డాక్టరమ్మ అమ్మతో చెప్పింది. నా వైపు తిరిగి, "ఇంకా ముదరలేదు. మాత్రలు లేకుండా ఆరు వారాలు చూద్దాం. రోజూ నలుగురిలోకి వెళ్ళు. చిన్నదైనా సరే, ఒక పని మొదలుపెట్టి నువ్వే ముగించు. తగ్గకపోతే మందుల సంగతి చూద్దాం. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఆ రోజే రావాలి," అంది.

నాలుగు వారాలు గడిచాయి. ముగించిన పని ఒక్కటీ లేదు. ఇంట్లో చీపురు పడితే అమ్మ లాక్కుంటుంది. ఇక్కడ వీళ్ళు.

ఆ రోజు యలమందయ్య చేలో దిగాం. సాలు పొడవు చూడగానే నా కాళ్ళు పీకడం మొదలైంది. పది చెట్లు కోస్తాను. లేస్తాను. ఒడి సర్దుతాను, చొక్కా చేతులు దించుతాను, మళ్ళీ వంగుతాను. వెళ్ళిపోదామా? ఎక్కడికి? ఇంటికెళ్తే అక్కణ్ణుంచి ఎక్కడికి?

అన్నాలు తిన్నాక సగం దాటాను. అంత దూరం ఎప్పుడూ రాలేదు. తలెత్తితే లిడియా నా సాల్లోకే ఎదురొస్తోంది, రెండు చేతులా కోస్తూ. ముఠా మేస్త్రి పుల్లమ్మ కోడలు ఆమె, అందరికంటే చురుకు.

"లిడియా, ఆగు!"

"ఏందే, పాము గానీ కనపడిందా?"

"నా సాలు ముట్టుకోవద్దు."

పక్క సాళ్ళలో వంగినవాళ్ళంతా లేచి చూశారు.

"నేనేమన్నా దొంగతనానికొచ్చానా? పాపమని కోస్తంటే!"

"ఆ పాపమే వద్దు. మీరు కోస్తంటే నేను ఊరికే నిలబడాలి. నిలబడితేనే నాకు పిచ్చెక్కుతోంది."

"అమ్మో, దీనికి నోరుందే!" అంది పుల్లమ్మ. "రావే లిడియా ఇవతలికి. దాని తంటా దాన్ని పడనీ."

లిడియా మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది.

పొద్దు వాలేసరికి అందరూ ముగించి గట్టెక్కారు. నేనొక్కదాన్నే చేలో మిగిలాను. పదకొండు మంది నా వీపునే చూస్తున్నారు. చేతులు మండుతున్నాయి. తొందరలో పచ్చికాయ కూడా తెంపుతున్నాను.

"పచ్చిది లాగమాకే!" పుల్లమ్మ కేక.

మమ్మల్ని ఊళ్ళోకి తీసుకెళ్ళే ఆటో బుడాన్ హారన్ కొట్టాడు. "ఏం పుల్లమ్మక్కా, కాపరం ఇక్కడే పెడతారా?"

ఇంకా పదిహేడు చెట్లున్నాయి. నలుగురు దిగితే రెండు నిమిషాల పని. ఒకామె అప్పుడే చెప్పులు విడుస్తోంది. వాళ్ళు దిగితే రేపు నేను మంచం దిగనని నాకు తెలుసు.

"పిన్నీ, ఇవి రేపటికి ఉంచండి. నేనే వచ్చి కోస్తా," అన్నాను పుల్లమ్మతో.

పుల్లమ్మ ముఠా ఏ చేలోనూ సాలు సగంలో వదిలి రాలేదు. ఆమె పేరు నిలిచింది దానిమీదే. యలమందయ్య ఊరుకోలేదు.

"సగం సాలు వదిలేస్తారా? రేపు వేరే చేనుకు గదా మీరు పోయేది?"

పుల్లమ్మ నా మొహం వైపు చూసి, యలమందయ్య వైపు తిరిగింది.

"పోతాం. పోతా పోతా దీన్ని ఇక్కడ దించుతాం. ఆ చెట్ల మీద ఇంకో చెయ్యి పడకూడదు బాబాయ్."

"చేను నాది గదమ్మా!"

"కాయ కూడా నీదే. కోత దానిది."

ఆటోలో పన్నెండు మందిమి ఇరుక్కున్నాం. లిడియా నా పక్కనే, మొహం అటు తిప్పుకుని. నా మోకాలు ఆడుతూనే ఉంది. పట్టుకున్నా ఆగలేదు. రేపు లేవలేకపోతే?

మా వీధి మలుపు దగ్గర లిడియా మోచేత్తో పొడిచింది.

"పొద్దున ఐదింటికి మీ గుమ్మంలోకొచ్చి అరుస్తా. రాకపోయావో, ఆ పదిహేడూ నేనే కోస్తా."

"కోయమాక," అన్నాను.