ముల్లు ఎర్ర గీత దాటలేదు

వంకకు వరదొచ్చి మా వీధి మట్టిగోడలు కూలాక అది మూడో ఏడు. ఆ వరద తర్వాత మళ్లీ వాన లేదు.

ఎండ.

ఇంటి పైరేకులు ఎండకు టిక్కు టిక్కుమనేవి. వాటి కింద సగం గది నిండా పియానో.

నా భార్య సువార్తమ్మ మిషను హాస్టల్లో పెరిగింది. అక్కడి దొరసాని ఆమెకు వాయించడం నేర్పింది. ఊరు విడిచిపోతూ పియానో ఆమెకే ఇచ్చిపోయింది. నేను మైకుసెట్టు మనిషిని. పెళ్లిళ్లకు స్పీకరు కొమ్ములు కడతాను. మా ఇంట్లో చప్పుడుకు కొదవ లేదు.

మాటలే తక్కువ.

ఆ ఏడు ఆమె వేళ్లు ముడుచుకోవడం మొదలైంది. ఇవి ఇంక బాగుపడవన్నాడు అనంతపురం డాక్టరు.

"పూర్తిగా మూసుకోకముందే నా పాట ఒక్కటి క్యాసెట్టుకు పట్టప్పా" అంది.

దొరసాని నేర్పిన పాట అది. మెల్లగా మొదలవుతుంది — చెలమలో నీళ్లు ఊరినట్టు. చివర పొంగుతుంది — వంక వచ్చినట్టు. ఆ పొంగు కోసమే ఆమె ఆ పాట వాయించేది.

మైకు పియానో కడుపులోకి దూర్చాను. టేపురికార్డరు మీద శబ్దం పెంచే గుండీ నిండా తిప్పాను. పెళ్లికి అలాగే తిప్పుతాను.

వాయించింది. పొంగు వచ్చింది. శబ్దం కొలిచే ముల్లు ఎర్ర గీత దాటి అక్కడే కొట్టుకుంది.

పెట్టి విన్నాం. మెల్లని చోట బాగుంది. పొంగిన చోట పగిలింది... ఎండిన మట్టిలా, పెడ్డలు పెడ్డలుగా.

"పెండ్లనుకుంటివా? మూడూర్లకు వినిపించేకి?" నవ్వింది. "ఇంగోసారి పట్టు."

క్యాసెట్టు వెనక్కి తిప్పాను. మా పనిలో అంతే. ఉన్నదొకటే క్యాసెట్టు, పాతది చెరిపి దాని మీదే మళ్లీ మళ్లీ.

ఈసారి జాగ్రత్తపడ్డాను. మైకు గడప దాకా జరిపాను. దాని కింద మడకశిర కంబళి నాలుగు మడతలు వేశాను. పియానో మూత దించాను. రీలు ఆపి, పాట పట్టకుండా ముల్లు మాత్రం ఆడనిచ్చాను.

"గట్టిగా వచ్చేకాడ వాయించు" అన్నాను.

వాయించింది. ముల్లు ఎర్రలోకి పోయింది. గుండీ తగ్గించాను.

"ఇంగోసారి."

మళ్లీ ఎర్రలోకే.

"ఇంగోసారి."

"ఏమప్పా, నాతో సేద్యం చేపిస్తాండావా?"

"ఇంగొక్కసారి."

ఆరుసార్లు. ఆరోసారి ముల్లు గీతకు వెంట్రుకవాసి కింద ఆగింది.

"ఇప్పుడు మొదట్నుంచీ" అన్నాను.

రీలు తిరిగింది. నీళ్లు ఊరాయి...

నేను ముల్లునే చూస్తున్నాను.

పాట చివరికొచ్చింది. ముల్లు సగం దగ్గరే ఊగింది. ఎర్ర గీత దాటలేదు. దాని దరిదాపుకు కూడా పోలేదు. బాగా కుదిరిందనుకున్నాను.

చేతులు చూడలేదు.

పాట ఆగాక చూశాను. వేళ్లు అరచేతుల్లోకి ముడుచుకుని ఉన్నాయి. ఒక్కో చేతికి ఒక్కో వేలు మిగిలింది. చివరంతా ఆ రెండు వేళ్లతోనే వాయించింది.

"పగిలెనా?" అంది.

"పగల్లే."

"మేలు."

ఇద్దరం విన్నాం. గీత లేని గాజులా ఉంది శబ్దం. పొంగు లేదు.

పొంగు ఆరుసార్లు వచ్చింది. ఆరుసార్లూ రీలు ఆగే ఉంది. పగిలిన పొంగు ఒకటి ఉండింది... దాని మీదే దీన్ని ఎక్కించాను.

  నూనె కాచి ఆమె చేతులకు రాశాను. వేళ్లు తెరుచుకోలేదు.

మరునాడు పొద్దున గ్లాసు నేనే పట్టుకుని ఆమెకు కాఫీ తాగించాను.

తర్వాత స్క్రూడ్రైవరు తీసుకున్నాను. క్యాసెట్టు వెనక అంచున రెండు చిన్న పలుకులుంటాయి. అవి విరిగితే ఏ టేపురికార్డరూ దాని మీద ఇంకొకటి ఎక్కించదు.

రెండూ విరిచాను.