కోటు ఎడమ చెయ్యి

ఆ చెయ్యి నేనే తలకిందులుగా కత్తిరించానా? పదకొండేళ్ళుగా దేవుడికి దండం పెట్టుకున్న ప్రతిసారీ ఈ ప్రశ్నే అడిగేదాన్ని. ఆయన అన్నీ చూస్తాడంటారు. చూసినవాడు ఒక్క మాట చెప్పకూడదా అనిపించేది.

మా కుట్టు దుకాణానికి అప్పట్లో ఒక వాద్యబృందం ఎనిమిది కోట్లు కుట్టమని ఇచ్చింది. గుడ్డ స్వేడ్. అసలు తోలు కాదు, తోలులా నేసిన గుడ్డ. మెత్తగా నూగు ఉంటుంది. ఒక వైపుకి నిమిరితే లేతగా, ఎదురు నిమిరితే ముదురుగా కనిపిస్తుంది. అందుకే ముక్కలన్నీ ఒకే వాలులో కత్తిరించాలి. గుండుసూది గుచ్చితే పడిన రంధ్రం పూడదు కనుక క్లిప్పులతోనే పట్టించాలి. కుట్టు విప్పితే ఆ వరస జన్మంతా కనిపిస్తుంది. ఇస్త్రీ పెట్టె నేరుగా తగిలితే నూగు చచ్చి, అక్కడ అద్దంలా మెరుస్తుంది.

నేను కత్తిరించిన ప్రతి ముక్క వెనకా సుద్దతో బాణం గీశాను. పై కుట్లన్నీ నేనే వేశాను. ఇస్త్రీ, లైనింగూ మా ఆడపడుచువి. మా ఆయనకి అక్క. నన్ను దుకాణంలో చేర్పించిందే ఆవిడ.

వారం తిరగకుండా బృందం పెద్ద ఒక కోటు తెచ్చి వెలుతురులో పట్టుకున్నాడు. ఎడమ చెయ్యి ఒక్కటీ ముదురు రంగు. విప్పితే ఇంకా పాడవుతుందని ఎవరూ లోపల చూడలేదు. దుకాణం నడిపే మాస్టరుగారు నా వంక చూసి, "ఇక కత్తెర ముట్టుకోకు" అన్నారు.

వదినే అడ్డుపడింది. "చిన్నపిల్ల మాస్టారూ, ఈసారికి వదిలెయ్యండి. గుండీలు కుట్టుకుంటుంది" అని బతిమాలింది. నా కత్తిరింపు బల్ల వదినకి వచ్చింది. నాకు గుండీలు మిగిలాయి. నా కూడు నిలబెట్టిన మనిషని, ఇంట్లో ఆవిడ ఏమన్నా నేను ఎదురు చెప్పింది లేదు.

మొన్న ఆ కోటే మళ్ళీ వచ్చింది, చంక దగ్గర లైనింగు చిరిగి. మాస్టరుగారు నాకే ఇచ్చారు. లైనింగు విప్పి చూశాను. కుడి చేతి వెనక నా బాణం మాసిపోయి ఉంది. ఎడమ చేతి వెనక అసలు బాణమే లేదు. చంక చుట్టూ రంధ్రాలు రెండు వరసలు. ఒకటి ఎడంగా, నేను వేసే కుట్టు. దాని పక్కనే దగ్గర దగ్గరగా, చీమల బారులా ఇంకోటి. అలా కుట్టేది మా దుకాణంలో ఒక్కరే.

కోటు తీసుకెళ్ళి వదిన బల్ల మీద పెట్టాను.

"వదినా, ఈ చెయ్యి ఎవరు కుట్టారు?"

"ఏనాటి మాటో! నాకేం గుర్తు?"

"గుడ్డకి గుర్తుంది. చూడు."

చూసింది. కత్తెర పక్కన పెట్టింది.

"ఇస్త్రీ పెట్టె తగిలిందే. అరచేయంత మేర మెరిసిపోయింది. మిగిలిన గుడ్డలో చెయ్యి తలకిందులుగా కత్తిరిస్తేనే వచ్చింది. ఎవరూ చూడరనుకున్నా."

"చూశారుగా. అప్పుడైనా?"

"మీ అన్నయ్యకి అప్పుడు పనిలేదు. నన్ను తీసేస్తే ఇల్లెలా గడుస్తుంది? అయినా నిన్ను తీసెయ్యొద్దని కాళ్ళావేళ్ళా పడింది నేనే కదా!"

"అదే వదినా, నాకు మింగుడుపడనిది."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని మా అమ్మ అంటుండేది. ఆవిడ కాల్చినందుకు నాకు కోపం రాలేదు. చెయ్యి జారనిది ఎవరికి? నా చేత పదకొండేళ్ళు దండాలు పెట్టించుకుంది, అక్కడ మండింది.

"మాస్టారుకి చెప్పు" అన్నాను.

"ఇప్పుడా? ముసలాయనకి ఎందుకే ఇవన్నీ?"

"ఆయనకి కాదు. నాకు."

వదిన కోటు చేత్తో పట్టుకుని లేచింది.

"మాస్టారూ, ఆ కోటు చెయ్యి పాడు చేసింది నేను."

ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "ఏ కోటమ్మా?"

ఆయనకి గుర్తే లేదు. దాంతో వదిన మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది. ఒక మిషను ఆగింది, దాని పక్కది ఆగింది. ఆవిడ ఆపలేదు. "మా మరదలు సరిగ్గానే కత్తిరించింది" అని, అందరూ వినేలా, నాకు బాకీ ఉన్న ఆ ఒక్క ముక్కా చెప్పేసింది.