లూపే పేరున ఉద్యోగం

చేమదుంపల తొక్క తీస్తున్న లూపే వెనకాల నిలబడి మొగుడు మాకా మళ్లీ చెప్పాడు. "ఆటగాళ్ల కుటుంబాల బాగోగులు చూస్తానని చెప్పు. అంతకుమించి నోరు విప్పకు."

మధ్యాహ్నం రగ్బీ సంఘం అధికారిణి విచారణకు వస్తోంది. డబ్బున్న క్లబ్బు మంచి ఆటగాళ్లందరినీ ఎగరేసుకుపోకుండా, ఒక్కో జట్టు ఇచ్చే జీతాలకు హద్దు పెట్టారు. ఆ హద్దు దాటినట్టు కనబడకుండా జట్టులో ఆడే మాకాకు ఎక్కువ ముట్టజెప్పడానికి క్లబ్బు మేనేజరు డెనిస్ కోయిల్ లూపే పేరున ఈ బాగోగుల ఉద్యోగం పుట్టించాడు. ఏం పని చేయాలని ఆమె అడిగితే నవ్వాడు. "ఏమీ చేయక్కర్లేదమ్మా, సంతకం పెట్టు చాలు." జీతం తిన్నగా మాకా ఖాతాలో పడేది.

ఈ హద్దుల మీద మాకాకున్న కోపంలో అబద్ధం లేదు. జీతాలకే కాదు, జట్టులో ఒక్కో ఆటగాడికి వేసే పాయింట్ల మొత్తానికీ హద్దుంది. సొంత క్లబ్బులో పెరిగినవాడికి తక్కువ పాయింట్లు, బయటినుంచి వచ్చినవాడికి ఎక్కువ. చిన్నప్పటినుంచీ ఈ పడమటి సిడ్నీలోనే ఆడిన మాకా ఇక్కడ చవక, ఇంకెక్కడికెళ్లినా బరువు, అందుకే వేరే క్లబ్బు తీసుకోదు. "మోకాళ్లు అరిగేదాకా ఇక్కడే పడుండాలా? ఇదేం న్యాయం?" అనేవాడు. నిజమేననిపించేది లూపేకి. కానీ తన తమ్ముడు ఫెలెతి ఆడే జట్టు హద్దు దాటకుండా ఉండి, మాకా జట్టు చేతిలో ఓడిపోయి, ఖర్చు భరించలేక కొందరిని ఇంటికి పంపేసింది. అందులో ఫెలెతీ ఉన్నాడు. మరి అదేం న్యాయమని మొగుణ్ణి అడగడానికి ఆమెకు నోరు రాలేదు.

టోంగా దీవుల నుంచి కొత్తగా వచ్చే కుర్రాళ్లను క్లబ్బు వీళ్లింట్లోనే దించేది. వాళ్లకు వంట, బురద జెర్సీల ఉతుకుడు, ఆసుపత్రికి తిప్పడం, అమ్మ గుర్తొచ్చి ఏడిస్తే పక్కన కూర్చోవడం, అన్నీ లూపేవే. సరుకులకైనా క్లబ్బును డబ్బడుగుదామంటే అత్తగారు, "ఇంటికొచ్చిన పిల్లలకు తిండి పెట్టి వెల కడతావా?" అని ముఖం తిప్పుకుంది. డెనిస్‌ని అడిగితే, "అది ప్రేమతో చేసేది కదా" అన్నాడు. అదే డెనిస్ పొద్దున ఫోన్లో చాలా మెత్తగా, "తేడా వస్తే, జీతం నీ పేరునే వెళ్లిందని గుర్తుపెట్టుకోమ్మా" అన్నాడు. అప్పటినుంచి ఆమెకు ఒకటే ఆలోచన. మాకాను ఆడనివ్వకపోతే? పేపర్లో దొంగని తన పేరే వేస్తే? ఆదివారం చర్చిలో ఆడవాళ్లు తనకు చోటిస్తారా? మొగుడి ఆట మొగుడిది, క్లబ్బు పరువు డెనిస్‌ది. భయం మాత్రం తనకు వదిలేశారు.

అధికారిణి నెరిసిన జుట్టు మనిషి. క్లబ్బు ఆఫీసు గదిలో లూపేని ఎదురుగా కూర్చోబెట్టి తలుపు మూసింది. అద్దం అవతల మాకా, డెనిస్ కనబడుతూనే ఉన్నారు.

"మీరు క్లబ్బుకు ఏం పని చేస్తారు?"

బట్టీపట్టిన మాట పళ్లదాకా వచ్చి ఆగింది. లూపే అద్దంలోంచి మొగుడివైపు ఒకసారి చూసింది.

"ఆ ఉద్యోగం నేను ఒక్కరోజూ చేయలేదు," అంది. "చేసిన పని వేరే ఉంది. దానికి వాళ్లెప్పుడూ జీతమివ్వలేదు."

అధికారిణి కలం కింద పెట్టింది. "ఈ మాటతో మీ ఆయనకేమవుతుందో తెలుసా?"

"తెలుసు. నాకేమవుతుందో చెప్పండి," అంది లూపే. "అది ఇంతవరకూ నాకెవరూ చెప్పలేదు."